పలమనేరు–కోయంబేడు బండి: 7.2 ఇచ్చే మైలేజీ ఉన్నట్టుండి 5.4కి పడిపోయింది, యాడ చూడాల?

పలమనేరు లోడు

అన్నలందరికీ నమస్తే. మాది 17 అడుగుల బండి, ఆరు టైర్లు, 2021 మోడల్, బీఎస్6 (కొత్త పొగ నిబంధనల బండి), మీటరు లక్షా తొంభై వేలు దాటింది. పలమనేరు మార్కెట్టు నుంచి చెన్నై కోయంబేడు మార్కెట్టుకు టమాటా లోడు, వచ్చేటప్పుడు దొరికితే కిరాణా సామాను, లేకుంటే ఖాళీ. రానూ పోనూ 400 కిలోమీటర్లు వేసుకోండి. నాలుగేళ్లుగా ఇదే దోవ, ఇదే డ్రైవరు, ఇంచుమించు ఇదే బరువు. లీటరుకు 7కు తగ్గింది ఎప్పుడూ లేదు, 7.2 మామూలు.

మూడు వారాల నుంచి 5.4, 5.5 ఇస్తోంది. ట్రిప్పుకు 18 లీటర్లు ఎక్కువ తాగుతోంది, అంటే దగ్గర దగ్గర పదిహేడు వందలు. టమాటా రేటు ఉన్న రోజు బాడుగ అడిగితే ఇస్తారు, రేటు పడిపోయిన రోజు రైతే క్రేట్లు రోడ్డు మీద పోసేసి పోతుంటే మనం ఎక్కువ అడిగేదానికి నోరు రాదు.

ఇంతవరకు చేసింది: ఎయిర్ ఫిల్టర్ మార్చినా, డీజిల్ ఫిల్టర్లు రెండూ మార్చినా, టైర్లలో గాలి సరిగ్గానే ఉంది. వెనక నాలుగు టైర్లూ నెల కిందటే కొత్తవి వేసినాం, అప్పుడే అలైన్‌మెంట్ కూడా చేయించినా. డ్యాష్ మీద ఎర్ర లైటు ఏదీ లేదు. మా ఊరి మెకానిక్ సైలెన్సర్ దగ్గర నిలబడి రేజ్ చేయించి, "నల్ల పొగ లేదు, ఇంజన్ నీట్‌గా ఉంది, నీ డీజిల్ ఇంజన్‌లో పోవడం లేదు సామీ, యాడో బయట పోతోంది" అని ఒక మాట అనేసి పోయినాడు.

ఆ మాట దగ్గర్నుంచే నాకు నిద్ర లేదు. డ్రైవరు నాకు వరసకు మామ. పదకొండేళ్లు మా బండ్ల మీదే ఉన్నాడు, మా నాయన ఉన్నప్పటి నుంచి. నోరు తెరిచి అడిగేది ఎట్లా? అడక్కుండా ఉండేది ఎట్లా? ముందు బండిలో తప్పుందేమో మొత్తం చూసుకుని, ఏమీ దొరక్కపోతే అప్పుడు ఆలోచిద్దామని ఇక్కడ అడుగుతున్నా.

చిత్తూరు బైపాస్

ఇందులో ఆలోచించేది ఏముందబ్బా. ట్రిప్పుకు 18 లీటర్లు అంటే దగ్గర దగ్గర ఒక క్యాను. మా బండికీ ఇదే కథ, టోల్‌గేటు దాటినాక హోటల్ దగ్గర ఆపి డ్రైవరు ట్యాంకులో పైపు వేసి డీజిల్ లాగేవాడు. ట్యాంకుకు మంచి తాళం కొను, మూతకు కాదు, లోపల జాలీ ఉండే రకం, పైపు దిగదు. తాళం వేసిన మరుసటి ట్రిప్పుకే మైలేజీ దానంతటదే వస్తుంది చూడు. మామ అయితే ఏంది, డీజిల్ దగ్గర వరసలు ఉండవు.

పాత స్పానర్

తాళం మాట తర్వాత చూద్దాం. నేను తిరుపతి ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లు పైగా ఈ పనిలోనే ఉన్నా. మైలేజీ పడిపోయిందని వచ్చే పది మందిలో ముగ్గురికి మైలేజీ పడిపోయి ఉండదు, లెక్క తప్పి ఉంటుంది. కాబట్టి ముందు కొలత సరిచేసుకో తమ్ముడూ.

ఒకే బంకు, ఒకే పంపు, బండి ఒకే తావ ఒకే దిక్కుకు నిలబెట్టి మూతి దాకా కొట్టించు. నురగ దిగేదాకా ఆగి మళ్లీ కొట్టించు. ట్రిప్పు అయినాక అదే బంకులో అదే మాదిరి మూతి దాకా. ఎంత పట్టిందో అదే తాగింది. గేజి ముల్లు చూసి, డ్రైవరు తెచ్చిన చీటీలు కూడి లెక్క వేస్తే ఎవరికీ న్యాయం జరగదు.

రెండోది, కిలోమీటర్లు. వెనక టైర్లు కొత్తవి వేసినా అన్నావు కదా, అక్కడే నాకు చెవి నిక్కింది. అరిగిపోయిన టైరుకూ కొత్త టైరుకూ గుండ్రం తేడా ఉంటుంది. పట్టీ ఒక 12 మిల్లీమీటర్లు అరిగిందనుకో, టైరు అడ్డకొలత 24 మిల్లీమీటర్లు తగ్గినట్టే, మీ సైజు టైరులో అది రెండున్నర మూడు శాతం. కొత్త టైరు ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, మీటరు మాత్రం పాత లెక్కే రాసుకుంటుంది. అంటే బండి 400 పోయినా మీటరులో 390 పడుతుంది, నువ్వు మైలేజీ తగ్గిందనుకుంటావు. ఫోన్‌లో మ్యాప్ పెట్టి ఒక ట్రిప్పు సరిచూడు. పాతవి రిబ్ టైర్లా (నిలువు గాడులు ఉండేవి), ఇప్పుడు వేసినవి లగ్ టైర్లా (అడ్డంగా లావు దిమ్మెలు ఉండేవి), అది కూడా చెప్పు. లగ్ టైరు రోడ్డును పట్టుకుని దొర్లుతుంది, దానికి కొంచెం డీజిల్ ఎక్కువే పోతుంది.

మూడోది, బ్రేకు పట్టేస్తోందేమో. హైవే మీద 20 కిలోమీటర్లు బ్రేకు ఎక్కువ వాడకుండా వచ్చి ఆపి, నాలుగు డ్రమ్ముల మీదా నాలుగు చుక్కల నీళ్లు చల్లు. చెయ్యి పెట్టొద్దు, కాలుతుంది. ఒక దాని మీద నీళ్లు సుయ్యిమని ఆవిరైపోయి మిగతావి మామూలుగా ఉంటే అక్కడ బ్రేకు లైనరు డ్రమ్ముకు రాసుకుంటున్నట్టు.

ఇవి చూసినాక ఇంకో నాలుగు మాటలు చెప్పు: ఇంజన్ ఆయిల్ ఎంత ఉంది, టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ ఉండే చోటుకు వస్తోందా కిందే ఉంటోందా, ముందర ఫ్యాన్ ఎప్పుడూ గోల పెడుతోందా, ఘాట్ ఎక్కేటప్పుడు పికప్ ఎట్లా ఉంది. చివరిది నువ్వు చెప్పేది కాదు, డ్రైవరును అడగాల. మైలేజీ గురించి అడగొద్దు, బండి గురించి అడుగు.

రేణిగుంట పది చక్రాలు

స్పానర్ అన్న టెంపరేచర్ ముల్లు అన్నారు కాబట్టి నా అనుభవం చెప్తా. పోయిన చలికాలంలో నా పది టైర్ల బండి లీటరుకు దాదాపు అర కిలోమీటరు తక్కువ ఇచ్చింది. ఇంజెక్టర్లు ఊడదీయించి టెస్టింగ్‌కు పంపించి, పంపు చూపించి, చాలా డబ్బు తగలేసినాక తేలింది ఏమిటంటే థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనీకుండా ఆపే మూత, తెరుచుకుని అట్లాగే ఇరుక్కుపోయింది. నీళ్లు ఎప్పుడూ రేడియేటర్ తిరుగుతా ఉంటే ఇంజన్ వేడెక్కేది లేదు, ఇంకా చల్లగానే ఉంది కదా అని కంప్యూటరు డీజిల్ ఎక్కువ వదులుతూనే ఉంటుంది. వేడెక్కితే భయపడి ఆపుతాం గానీ చల్లగా ఉంటే ఎవరికి అనుమానం వస్తుంది చెప్పండి. ఆ పార్టు ఖరీదు చెప్తే నవ్వుతారు.

ఇంకో మాట, చవక అని కర్ణాటక బార్డర్ దాటి డీజిల్ పట్టించుకుంటున్నారా? పట్టించుకుంటే మైలేజీ లెక్కలో రెండు బంకుల మీటర్లు కలుస్తాయి, అదొక గందరగోళం.

లెక్కల సారు బండి

నేను బడిలో లెక్కలు చెప్తా, తమ్ముడి పేరు మీద ఒక బండి ఉంది, కాబట్టి రెండూ కలిపి మాట్లాడతా, తిట్టుకోకండి.

వచ్చేటప్పుడు రిటర్న్ లోడు ఎక్కువైందేమో, మొగిలి ఘాట్ ఎక్కేదానికి తాగుతోందేమో అని ఎవరో ఒకరు అంటారు, అందుకే ముందే లెక్క వేసినా. చిత్తూరు నుంచి పలమనేరుకు ఎత్తు తేడా సుమారు 350 మీటర్లు. బండీ లోడూ కలిపి 11 టన్నులు అనుకుంటే అంత ఎత్తు ఎక్కించేదానికి దాదాపు 38 మెగాజౌళ్ల శక్తి కావాలి. లీటరు డీజిల్‌లో 36 ఉంటాయి, అందులో చక్రానికి చేరేది మూడో వంతు కొద్దిగా పైన. అంటే ఘాట్ ఎక్కించేదానికి అయ్యే ఖర్చు మూడు లీటర్ల లోపే. ఖాళీగా ఎక్కినా అందులో సగం దాకా ఎట్లాగూ పోతుంది. కాబట్టి రిటర్న్ లోడు మీద 18 లీటర్ల నింద వేయలేం.

స్పీడు మాత్రం అడగాల్సిందే. గాలి అడ్డం స్పీడుకు వర్గంలో పెరుగుతుంది. 60లో పోయే బండి 80లో పోతే అడ్డం 1.8 రెట్లు దాకా అవుతుంది. టార్పాలిన్ సరిగ్గా కట్టకుండా పటపటా కొట్టుకుంటున్నా అదీ తోడే. మార్కెట్టుకు తొందరగా చేరమని మీరే ఒత్తిడి చేసి ఉంటే మాత్రం ఆ డీజిల్ మీరే తాగినట్టు లెక్క.

పలమనేరు లోడు

అందరికీ దండాలు. రెండు ట్రిప్పులు చూసి రాస్తున్నా, అందుకే ఆలస్యం. సారూ, ఒత్తిడి లేదు, రాత్రి తొమ్మిదికి కదిలితే నిదానంగా పోయినా రేటు తెగే వేళకు చేరుతుంది, పైగా బండికి 80 దాటకుండా స్పీడు లాక్ ఉంది. కర్ణాటక డీజిల్ మాకు దోవలో లేదు, వెనక్కి పోయి పట్టించుకునేంత లాభం ఉండదు.

ఫుల్ ట్యాంక్ లెక్క: పట్టింది 71 లీటర్లు. మీటరులో 398, ఫోన్‌లో 407. స్పానర్ అన్న చెప్పినట్టు టైర్ల తేడా ఉంది, లగ్ టైర్లే. అసలు మైలేజీ 5.7 అన్నమాట, నేను రాసుకున్నంత అన్యాయం కాదు గానీ ఇంకా లీటరుకు కిలోమీటరున్నర తక్కువే.

డ్రమ్ములు: వెనక ఎడమ వైపుది మిగతా మూడింటి కంటే వేడిగా ఉంది. జాకీ ఎత్తి తిప్పితే చక్రం అర చుట్టుకే ఆగిపోతోంది. టైర్లు మార్చినప్పుడే లైనర్లు కూడా వేసినాం, అడ్జస్టర్ ఎక్కువ బిగించేసినారు. సరిచేయించినాక తర్వాతి ట్రిప్పుకు 5.9 వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. ఆయిల్ చూద్దామని కడ్డీ తీస్తే పై గీత దాటి ఒక వేలు మందం ఎక్కువ ఉంది! తగ్గాల్సింది పెరిగిందే అని సంతోషపడాలా ఏడవాలా అర్థం కాలేదు. వాసన చూస్తే డీజిల్ వాసన, పలుచగా నీళ్ల మాదిరి జారుతోంది.

మామను బండి గురించి అడిగినా. "మొగిలి ఘాట్‌లో లోడు మీద తొక్కితే ఈల వేసినట్టు సుయ్యిమంటోంది, నాలుగో గేరులో ఎక్కే తావ మూడుకు దించాల్సి వస్తోంది, నీకు చెప్పినా కదా" అన్నాడు. చెప్పింది నిజమే. ఆ రోజు నేను ఫోన్‌లో ఎవరితోనో బాడుగ మాట్లాడుతూ ఊఁ కొట్టి ఉంటా. ఇంకోటి కూడా చెప్పినాడు, సైలెన్సర్ వేడి బొమ్మ ఒకటి డ్యాష్ మీద వెలుగుతుంది కదా, అది ముందు రెండు ట్రిప్పులకు ఒకసారి వచ్చేది, ఇప్పుడు ఒక్క ట్రిప్పులోనే రెండు మూడు సార్లు వస్తోందంట. పసుపు రంగే కదా అని ఆయన పట్టించుకోలేదు. కోయంబేడు గేటు దగ్గర క్యూలో అది వెలిగి ఉన్నప్పుడే ఇంజన్ ఆపేస్తాడంట, డీజిల్ మిగుల్తుందని.

పాత స్పానర్

బండి కదిలించొద్దు! ముందు ఆ ఆయిల్ దించేయండి, ఆయిల్ ఫిల్టరుతో సహా. డీజిల్ కలిసిన ఆయిల్‌తో బేరింగులు పోతాయి, ఇంకా పెరిగితే ఆ ఆయిల్‌నే ఇంజన్ పీల్చుకుని, తాళం చెవి తీసినా ఆగకుండా అరుస్తుంది. అది ఒకసారి చూసినవాడు జన్మలో మర్చిపోడు.

ఇప్పుడు కథంతా ఒక దారిలోకి వచ్చింది. మీ ఊరి మెకానిక్ నల్ల పొగ లేదు కాబట్టి ఇంజన్ బాగుంది అన్నాడు చూడు, అది పాత బండ్ల లెక్క. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 బండికి సైలెన్సర్‌లో డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటుంది. ఇంజన్ ఎంత మసి కక్కినా అది పట్టుకుని లోపల పెట్టుకుంటుంది, బయటికి పొగ రాదు. పొగ రాలేదంటే మసి పుట్టలేదని కాదు.

ఆ జల్లెడ నిండితే కంప్యూటరే దాన్ని కాల్చి శుభ్రం చేస్తుంది, మీ మామ చెప్పిన బొమ్మ అదే, రీజనరేషన్. మసి కాలాలంటే 600 డిగ్రీల దాకా వేడి కావాలి. ఆ వేడి కోసం పిస్టన్ కిందికి పోతున్నప్పుడు కూడా కొంచెం డీజిల్ చల్లుతుంది. అది బండిని లాగేదానికి కాదు, మసి కాల్చేదానికి. అందులో కొంత సిలిండర్ గోడల మీద నుంచి కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. మామూలుగా వందల కిలోమీటర్లకు ఒకసారి జరిగితే ఏమీ కాదు. నీకు ఒక ట్రిప్పులో మూడు సార్లు జరుగుతోంది. పైగా మధ్యలో ఇంజన్ ఆపేస్తే కాలింది సగమే, మళ్లీ మొదటి నుంచి. మీ మామ మిగిలించాలనే ఆపినాడు, తప్పు పట్టొద్దు, ఆయనకు ఎవరు చెప్పినారు?

మరి మసి ఎందుకు ఎక్కువైంది అంటే ఈలే జవాబు. టర్బో (ఇంజన్‌లోకి గాలి గట్టిగా ఊదేది) నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచేది), అక్కడి నుంచి ఇంజన్‌కు పోయే రబ్బరు హోసుల్లో యాడో చీలిక ఉంది, లేదా క్లిప్ లూజు. నిలబెట్టి రేజ్ చేస్తే తెలీదు, లోడు మీద టర్బో గట్టిగా ఊదినప్పుడే చీలిక తెరుచుకుంటుంది. కొలిచిన గాలి అంతా ఇంజన్‌కు చేరదు, డీజిల్ మాత్రం కొలత ప్రకారం పడుతుంది. గాలి చాలక మసి, బలం చాలక మూడో గేరు. రెండింటికీ డీజిల్ నీదే.

హోసులు అన్నీ కింది వైపు చేయి పెట్టి తడిమి చూడు, క్లిప్పుల దగ్గర ఆయిల్ జిడ్డు తడిగా ఉన్న చోటే అనుమానించాలి. దొరక్కపోతే సబ్బు నీళ్లు పూసి, ఒకటి ఒకటిన్నర బార్ దాటకుండా గాలి పెట్టించు, బుడగలు వస్తాయి. గాలి ఎక్కువ పెడితే బాగున్న హోసు కూడా పోతుంది, జాగ్రత్త. హోసు మార్చినాక ల్యాప్‌టాప్ పెట్టి ఒకసారి పూర్తిగా రీజనరేషన్ చేయించు, లేకుంటే పాత మసి అట్లాగే ఉండి మళ్లీ అదే పాట.

చిత్తూరు బైపాస్

ఇన్ని తిప్పలు ఎందుకు, ఆ డీపీఎఫ్ కోసేసి ఖాళీ పైపు పెట్టించి, కంప్యూటరులో అది లేనట్టు రాయించేస్తే సరి. చేసేవాళ్లు ఉన్నారు.

పాత స్పానర్

ఉన్నారు, నా దగ్గరికీ అడిగేదానికి వస్తారు, నేను చెయ్యను. చట్టం ఒప్పుకోదు, ఎఫ్‌సీకి (బండి ఫిట్‌నెస్ పరీక్షకు) పోయినప్పుడు ఇరుక్కుంటావు, కొనేవాడు చూస్తే బండి రేటు సగం చేస్తాడు. అదంతా పక్కన పెట్టు, చిరిగిన హోసు చిరిగే ఉంటుంది కదా? జ్వరం వచ్చిందని థర్మామీటర్ పగలగొట్టే పని అది.

పలమనేరు లోడు

దొరికింది! ఇంటర్‌కూలర్ నుంచి ఇంజన్‌కు పోయే హోసు, క్లిప్ కిందే, అడుగు వైపు. పైనుంచి చూస్తే నున్నగా కొత్తదాని మాదిరి ఉంది, వంచితే బొటనవేలంత నోరు తెరిచింది. దాని చుట్టూ దుమ్ము, జిడ్డు అట్టగట్టి ఉంది, ఇన్నాళ్లూ బంకులో పిల్లగాడు పైపైనే తుడిచేసి పోతున్నాడు.

హోసు, ఆయిల్, ఫిల్టరు, ల్యాప్‌టాప్ ఖర్చు అంతా కలిపి పదకొండు వేలు అయింది. ఆ తర్వాత మూడు ట్రిప్పులు అదే బంకు, అదే పంపు: 6.8, 7.0, 6.9. ఇవి ఫోన్ కిలోమీటర్లు. లగ్ టైర్లు ఉన్నంతవరకు పాత 7.2 రాదేమో, వద్దులే. ఆ బొమ్మ మూడు ట్రిప్పుల్లో ఒక్కసారే వెలిగింది, మామ ఈసారి ఇంజన్ ఆపలేదు, టీ తాగుతూ అది ఆరిపోయేదాకా కూర్చున్నాడంట. ఘాట్ నాలుగో గేరులోనే ఎక్కుతోంది.

బైపాస్ తమ్ముడూ, నువ్వు చెప్పిన తాళం నేను మొదటి రోజే కొన్నా, ఇక్కడ రాయలేదు. బిగించాలంటే చెయ్యి రాక సీటు కింద పెట్టినా. మొన్న స్పానర్లు వెతుక్కుంటూ మామ దాన్ని కవరుతో సహా బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, నా ముందర డ్యాష్ మీద పెట్టి పోయినాడు. ఒక్క మాట అనలేదు. రెండు రోజులు ఇంటికి అన్నానికి రాలేదు. మూడో రోజు మా అమ్మ పోయి పిలుచుకుని వచ్చింది.

రేణిగుంట పది చక్రాలు

అబ్బా. పోనీలే అన్నా, వచ్చినాడు కదా. ఒక పని చెయ్, ఈసారి ఆయన ఏదైనా శబ్దం అంటే ఫోన్ పక్కన పెట్టి నువ్వే ఎక్కి ఒక ట్రిప్పు పోయి రా.

చిత్తూరు బైపాస్

సరేలే, తొందరపడి అన్నా, ఏమీ అనుకోవద్దు. మామను అడిగినట్టు చెప్పు. ఆ తాళం ఏ సైజు అన్నా? నీకు పని లేకుంటే నాకివ్వు, మాది మూత 80 మిల్లీమీటర్లు.

పలమనేరు లోడు

100ది. నీకు పట్టదు. అంగడిలో వాపసు తీసుకోమంటే కవరు చింపినావు, తీసుకోను అన్నాడు.